మైకు మా పల్లె యువత చేతికి ఇవ్వండి: కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖకు బహిరంగ లేఖ

కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖలో కమ్యూనిటీ రేడియో వ్యవహారాలు చూసే అధికారులకు,

నమస్కారాలు.

అనంతపురం ప్రాంతంలో, వాన మీదే భారం వేసి వేరుశనగ, కంది, కొర్ర పండించుకునే ఒక ఊరి నుంచి ఈ లేఖ రాస్తున్నాం. మేము తొమ్మిది మందిమి. ఇంటర్ తరువాత చదువు ఆపి సేద్యంలోకి దిగినవారు ముగ్గురు, డిగ్రీ చదువుతున్నవారు నలుగురు, బెంగళూరులో కొన్నాళ్లు పనిచేసి తిరిగి వచ్చినవారు ఇద్దరు. అందరిలో పెద్దవాడికి 27 ఏళ్లు, చిన్నమ్మాయికి 18. మా మండలానికి చుట్టుపక్కల ఊళ్లకే వినిపించే ఒక చిన్న రేడియో, అంటే కమ్యూనిటీ రేడియో కావాలని, దాన్ని సేద్యం చేసే ఇళ్లలో పుట్టిన పిల్లలే నడపాలని రెండేళ్లుగా తిరుగుతున్నాం. తిరిగినకొద్దీ మాకు ఒక సంగతి తెలిసివచ్చింది. రేడియో పెట్టడానికి మీ విధానంలో దారి ఉంది. అలా పెట్టిన రేడియోలో పల్లె యువతకు చోటు ఇంత అని మాత్రం మాకు ఎక్కడా కనబడలేదు. ఆ చోటును రాతపూర్వకంగా కల్పించమని అడగడానికే ఈ లేఖ.

మా పట్టుదలకు కారణం ఎర్ర గొంగళిపురుగు దగ్గర మొదలవుతుంది. వేసవి అంతా గట్ల కింద, చెట్ల నీడన మట్టిలో కోశస్థ దశలో (గొంగళికీ రెక్కల పురుగుకీ మధ్య దశలో) దాక్కునే ఈ పురుగు, తొలకరిలో గట్టి వాన ఒకటి పడి నేల తడవగానే రెక్కల పురుగుగా మారి, చీకటి పడ్డాక గుంపులు గుంపులుగా బయటికి వస్తుంది. ఆ తల్లి పురుగులు గుడ్లు పెట్టకముందే ఊరంతా కలిసి ఒకే రాత్రి పొలాల దగ్గర మంటలు వేస్తే అవి వెలుతురుకు వచ్చి పడి చస్తాయి. ఆ రెండు మూడు రాత్రులు చేజారితే గుడ్లు పగిలి, పిల్ల పురుగులు ఎదిగి, ఒంటి నిండా వెంట్రుకలతో ఒక చేను మేసి పక్క చేనికి దండులా నడిచిపోతాయి. ఎదిగిన పురుగు మీద మందులు సరిగా పనిచేయవన్న సంగతి మా పెద్దలకూ తెలుసు, వ్యవసాయ శాస్త్రవేత్తలూ అదే చెబుతారు. అప్పుడిక మిగిలేది చేని చుట్టూ కాలువ తవ్వడం, గట్ల వెంబడి జిల్లేడు కొమ్మలు, అడవి ఆముదం ఆకులు పరిచి వాటి మీదికి చేరిన పురుగులను ఏరి చంపడం.

ఇందులో ఏ ఒక్కటీ ఒంటరి రైతు చేస్తే ఫలితం ఇచ్చే పని కాదు. నేను మంట వేసి నా గట్టు పక్కవాడు వేయకపోతే, అతని చేనిలో పుట్టిన పురుగు నా చేనికి రావడానికి ఎంతో కాలం పట్టదు. కాబట్టి ఆ వాన పడిన పది ఊళ్లకు, అదే సాయంత్రం, ఒకే మాట చెప్పగలిగే గొంతు కావాలి. జిల్లా అంతటికీ కలిపి ఇచ్చే సూచన ఇక్కడ చాలదు, ఎందుకంటే మా దగ్గర వాన ఒక ఊరి చెరువు దాకా వచ్చి పక్క ఊరి పొలిమేరలో నిలిచిపోతుంది. ఎవరికి పదునైందో, ఎవరికి కాలేదో ఆ ఊళ్లలో ఉన్నవారికే తెలుస్తుంది. వంద వాట్లకు మించని ప్రసార శక్తితో, 30 మీటర్లకు మించని స్తంభంతో పది పదిహేను కిలోమీటర్ల మేర మాత్రమే వినిపించే రేడియోను చాలామంది చిన్నదని అనుకుంటారు. మా అవసరానికి దాని కొలత సరిగ్గా సరిపోయింది.

నిరుడు మృగశిర కార్తెలో మాకు చేతనైనట్టు ఈ పని మొదలుపెట్టాం. రెండు ఫోన్లు, అడిగి తెచ్చుకున్న ఒక స్పీకరు, ఊరి పాల కేంద్రం, ఇవే మా స్టూడియో. పాలు పోయడానికి పొద్దున, సాయంత్రం ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు అక్కడికి వచ్చి వరుసలో నిలబడతారు కాబట్టి, ఆ నిలబడిన పది పన్నెండు నిమిషాలకు సరిపడా ఒక కార్యక్రమం రికార్డు చేసి వినిపించాం. మొదటి కార్యక్రమమే గొంగళిపురుగు మంటల గురించి. డెబ్బై ఏళ్లు దాటిన ఒక అవ్వను ఆమె చేనికి తీసుకువెళ్లి మాట్లాడించాం. మంట ఎక్కడ వేయాలి, ఎంత ఎత్తున లేవాలి, పక్కన నీళ్ల పళ్లెం ఎందుకు పెట్టాలి అన్నీ ఆమె వివరంగా చెప్పింది. మాలో రికార్డింగుల కత్తిరింపు పని చేసే తమ్ముడు ఆ రాత్రంతా కూర్చుని, అనవసరం అనిపించిన చోట్లు తీసేసి, వినసొంపుగా తయారుచేశాడు.

మరునాటి సాయంత్రం అవ్వ పాల చెంబు పక్కన పెట్టి చివరిదాకా విన్నది. విని, ఆ పిల్లవాణ్ణి పిలిచి, "యాడ ఎయ్యాలో పెట్టినావు, ఎట్లా ఎయ్యాలో పెట్టినావు. ఎప్పుడు ఎయ్యాలో నేను చెప్పింది ఏమాయె?" అని అడిగింది. అతనికి మొదట అర్థం కాలేదు. రికార్డింగు మళ్లీ తీసి చూస్తే, మధ్యలో ఒక నిమిషం పాటు మాట లేదు, ఏదో గీసుకుంటున్న చప్పుడు మాత్రం ఉంది. అది పనికిరాని చప్పుడని కోసేశాడు. నిజానికి ఆ నిమిషంలో అవ్వ పారతో దుక్కి తవ్వి, తడి ఎంత లోతుకు దిగిందో జానతో కొలిచి చూపించింది. చిరుజల్లుకు ఈ పురుగు లేవదని, జానెడు లోతు తడిసిన వానకే లేస్తుందని, ఆ కొలత చూసుకున్న రాత్రి నుంచే మంటలు వేయాలని ఆమె చెప్పదలచుకున్న అసలు సంగతి. ఆ పార చప్పుడును తిరిగి చేర్చి, ముందు ఒక వాక్యం మేమే చెప్పి, ఆ మరునాడు మళ్లీ వినిపించాం. ఆ వారం పాల కేంద్రానికి వచ్చినవాళ్లు తమ చేలలో తడి ఎంత దిగిందో చెప్పుకోవడం మేము విన్నాం.

ఈ సంగతి ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నామంటే, మేము అడుగుతున్నదంతా ఇందులో ఉంది. నగరంలోని స్టూడియోలో మాకంటే ఎంతో నైపుణ్యమున్నవారు ఇదే కార్యక్రమం చేసి ఉంటే, వారు కూడా ఆ నిమిషాన్ని తీసేసేవారు. అయితే ఆ తప్పు వారికి ఎప్పటికీ తెలిసేది కాదు. మాట్లాడిన మనిషి, దాన్ని కత్తిరించిన మనిషి మరునాడు పొద్దున ఒకే పాల కేంద్రం దగ్గర ఎదురుపడతారు కాబట్టే తప్పు తెలిసింది, ఇరవై నాలుగు గంటల్లో సరిదిద్దబడింది. స్థానిక రేడియో బలం అక్కడుంది.

చేతిలో ఫోను ఉండగా రేడియో ఎందుకని మమ్మల్ని చాలామంది అడిగారు. మేమూ వాట్సాప్ గ్రూపు పెట్టి చూశాం. అందులో మగవాళ్లే ఎక్కువ, అదీ ఇంటికి ఒకరు. కలుపు తీసే చేతులతో ఎవరూ వీడియో చూడలేరు. మా అవ్వల దగ్గర ఉన్నవి బటన్ల ఫోన్లు, వాటిలో ఎఫ్‌ఎం రేడియో ఉంటుంది, దానికి డేటా ఖర్చు ఉండదు. కొత్త ఫోన్లలో ఎఫ్‌ఎం సౌకర్యం మూతపడకుండా చూడాలని 2023 ఏప్రిల్‌లో కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ తయారీదారులకు సూచించడం మాకు సంతోషం కలిగించింది. అన్నిటికంటే ముఖ్యమైనది, రేడియో మాట అందరికీ ఒకే క్షణంలో చేరుతుంది. పది ఊళ్లు ఒకే రాత్రి మంట వేయవలసినప్పుడు, గ్రూపులో సందేశాన్ని ఒకడు ఇవాళ, ఒకడు ఎల్లుండి చూస్తే ప్రయోజనం లేదు.

పల్లె పిల్లలకు రేడియో నడపడం చేతనవుతుందా అనే సందేహం మీకు ఉండకూడదు, ఎందుకంటే దేశంలో దాన్ని మొదట రుజువు చేసిన పల్లె మన తెలుగు నేల మీదే ఉంది. జహీరాబాద్ ప్రాంతంలోని మాచ్‌నూరులో, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ మహిళా సంఘాల 'సంఘం రేడియో' 2008 అక్టోబరు 15న, అంతర్జాతీయ గ్రామీణ మహిళా దినోత్సవం నాడు, 90.4 ఎఫ్‌ఎం మీద మొదలైంది. గ్రామీణ ప్రాంతంలో ఒక స్వచ్ఛంద సంస్థకు అనుమతి దొరికిన తొలి కమ్యూనిటీ రేడియో అదే. దాన్ని భుజాన వేసుకున్నవారు జనరల్ నర్సమ్మ, ఆల్గోలు నర్సమ్మ అనే ఇద్దరు దళిత యువతులు. మైకు పట్టడం, రికార్డింగు, కత్తిరింపు, ప్రసారం అన్నీ వారే చూసుకున్నారు. రోజూ సాయంత్రం పొలం నుంచి వచ్చి ఇంట్లో పొయ్యి వెలిగించే వేళకు, అక్కడి యాసలో, పాత విత్తనాల గురించి, జొన్న, కొర్ర, సామల గురించి, కలుపు అని పీకి పారేసే ఆకుకూరల గురించి, కేవలం మంచుకు, నేల తడికి పండే 'సత్యం పంటల' గురించి ఆ రేడియో మాట్లాడింది.

ఆ చరిత్రలో మాలాంటి వాళ్లకు అక్కరకు వచ్చే భాగం 2008కి ముందుది. అనుమతి రాకముందు దాదాపు పదేళ్లు వారు యునెస్కో సాయంతో ఏర్పడిన స్టూడియోలో కార్యక్రమాలు రికార్డు చేసి, ఆ క్యాసెట్లను ఊరూరా సంఘాల సమావేశాల్లో వినిపించారు. గాలిలోకి మాట పంపే హక్కు లేక, మాటను చేతిలో పట్టుకుని నడిచి వెళ్లారన్నమాట. కర్ణాటకలో మన సరిహద్దుకు దగ్గరగా ఉన్న కోలారు జిల్లా బూదికోటలో, 'నమ్మ ధ్వని' పేరుతో స్థానికులు ఇదే కారణంగా కేబుల్ తీగ ద్వారా ఇళ్లకు కార్యక్రమాలు అందించారు. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘాల మహిళలు 2002లో చిన్న ట్రాన్స్‌మిటర్‌తో 'మన రేడియో' ప్రారంభించారు; అనుమతి లేదన్న కారణంతో 2003 ఆరంభంలో దాన్ని ఆపించారు. ఇప్పుడు మేము పాల కేంద్రం దగ్గర స్పీకరు పెట్టి చేస్తున్నది మాచ్‌నూరు వాళ్ల క్యాసెట్ల పనే. వారు పదేళ్లు ఆగారు. మా తొమ్మిది మందిలో సగం మంది ఇంకో పదేళ్లు ఈ ఊళ్లో ఉండరు.

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరి 9న చెప్పింది. ఆ తీర్పు ఇచ్చిన ధర్మాసనంలో జస్టిస్ పి.బి.సావంత్‌తో పాటు తెలుగువారైన జస్టిస్ బి.పి.జీవన్ రెడ్డి కూడా ఉన్నారు. 2000లో జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ పేరు మీదే కమ్యూనిటీ రేడియో కోరుతూ ఒక ప్రకటన వెలువడింది. అయినా మొదట విద్యాసంస్థలకు మాత్రమే తలుపు తెరుచుకుంది, 2006 నవంబరులో గాని స్వచ్ఛంద సంస్థలకు, కృషి విజ్ఞాన కేంద్రాలకు అవకాశం రాలేదు. మాచ్‌నూరు రేడియోను 2008లో ప్రారంభించడానికి స్వయంగా జస్టిస్ సావంత్ ఆ పల్లెకు వచ్చారు. తీర్పుకూ ఆ ప్రారంభోత్సవానికీ మధ్య పదమూడేళ్లు గడిచాయి. ఆనాటి ఆలస్యానికి ఇప్పుడు మీ శాఖలో ఉన్నవారిని తప్పుపట్టడం న్యాయం కాదు, కాని అలాంటి ఆలస్యం మళ్లీ జరగకుండా చూడడం మీ చేతిలో ఉంది.

2024 ఫిబ్రవరిలో మీరు సవరించిన మార్గదర్శకాలను మేము శ్రద్ధగా చదివాం. అనుమతి కాలాన్ని పదేళ్లకు పెంచారు. గంటకు 7 నిమిషాలుగా ఉన్న ప్రకటనల సమయాన్ని 12 నిమిషాలు చేశారు. ప్రభుత్వ ప్రకటనల ధరను పది సెకన్లకు 52 రూపాయల నుంచి 74 రూపాయలకు పెంచారు. సలహా, కార్యక్రమాల కమిటీలో కనీసం సగం మంది మహిళలు ఉండాలన్నారు. ఈ చివరి మాట చదివినప్పుడు మా బృందంలోని అమ్మాయిల ముఖాలు వెలిగాయి. రేడియో పల్లెలో ఉన్నంత మాత్రాన మహిళల గొంతు దానంతట అదే వినిపించదని, నిబంధనలో రాసి పెడితేనే వినిపిస్తుందని మీరు గుర్తించారు. మేము అడిగేది కూడా అలాంటి వాక్యమే. గ్రామీణ ప్రాంతంలో అనుమతి పొందే ప్రతి కమ్యూనిటీ రేడియోలోనూ, ఆ కమిటీలో మూడో వంతు మంది ప్రసార పరిధిలోని ఊళ్లలో నివసిస్తూ సేద్యంతో సంబంధమున్న, 30 ఏళ్ల లోపు యువతీ యువకులు ఉండాలని, రోజువారీ కార్యక్రమాలు ఏవి ఉండాలో తేల్చే మాట వారికి ఉండాలని రాయండి.

ఇది ఎందుకు అవసరమో మా అనుభవం నుంచి చెబుతాం. సొంతంగా దరఖాస్తు చేయడానికి మాకు అర్హత లేదు కనుక, అర్హత ఉన్న ఒక సంస్థ దగ్గరికి వెళ్లాం. వారు మమ్మల్ని ఆదరంగానే కూర్చోబెట్టారు. మా రికార్డింగులు రెండు నిమిషాలు విన్నారు. అనుమతి తమ పేరున వస్తే కార్యక్రమాలు పట్నంలో తయారై వస్తాయని, మేము ఊళ్లో గది చూసి, కరెంటు ఉన్న వేళకు బటన్ నొక్కితే చాలునని చెప్పారు. స్థానికుల భాగస్వామ్యం కోసం నెలకు ఒకటి రెండు ఇంటర్వ్యూలు పంపమన్నారు. వారి ఉద్దేశం చెడ్డదని మేము అనడం లేదు. నాణ్యత గురించి వారి భయం వారికి ఉంది. కాని కనీసం సగం కార్యక్రమాలు స్థానిక సమాజం పాల్గొని తయారు చేయాలన్న మీ నిబంధనకు అర్థం అదేనా? పాల్గొనడం అంటే అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడమా, ప్రశ్న ఏమిటో తేల్చడమా అన్నది మీరు స్పష్టం చేయకపోతే, ప్రతి సంస్థా తనకు అనువైన అర్థమే తీసుకుంటుంది.

అర్హత విషయంలో ఇంకొక మాట. రిజిస్టరై కనీసం మూడేళ్లు నిండి, మూడేళ్లు ప్రజాసేవ చేసిన సంస్థే దరఖాస్తు చేయాలన్న నియమం వెనుక మంచి కారణం ఉందని మాకు తెలుసు. పేరుకు పుట్టిన సంఘాలు రాకూడదు. రాజకీయ పార్టీలకు, వాటి విద్యార్థి, యువజన విభాగాలకు అనుమతి లేదన్న నియమం మరింత మంచిది, దాన్ని ఎంత గట్టిగా అమలు చేసినా మేము సంతోషిస్తాం. అయితే గ్రామసభ తీర్మానంతో ఏర్పడి, ఏడాది పాటు మా లాగా స్పీకరు మీదో, క్యాసెట్ల పద్ధతిలోనో కార్యక్రమాలు వినిపించి, వాటి రికార్డింగులు చూపగలిగిన యువ బృందాలకు ఆ మూడేళ్ల నియమాన్ని ఒక ఏడాదికి తగ్గించవచ్చు. రిజిస్ట్రేషన్ కాగితం మీది తేదీ కంటే 52 వారాల రికార్డింగులు సేవకు మంచి సాక్ష్యం. కృషి విజ్ఞాన కేంద్రం గాని, రైతు ఉత్పత్తిదారుల సంఘం గాని మాకు పూచీగా నిలబడే ఏర్పాటు ఉన్నా మంచిదే, నిర్వహణ మా చేతిలో ఉన్నంత వరకు.

ఇక వార్తల సంగతి. దీని మీద మేము చాలా చర్చించుకున్నాం. కమ్యూనిటీ రేడియో సొంతంగా వార్తలు చెప్పకూడదు, ఆకాశవాణి వార్తలను మార్చకుండా తిరిగి వినిపించవచ్చు. వాతావరణం, సాంస్కృతిక కార్యక్రమాలు, కరెంటు, నీటి సరఫరా, స్థానిక యంత్రాంగం ఇచ్చే విపత్తు, ఆరోగ్య హెచ్చరికల వంటివి వార్తలుగా లెక్కకు రావు. ఈ జాబితాను చదివాక మాకు మిగిలిన సందేహాలన్నీ సేద్యానివే. పక్క ఊళ్లో నిన్న రాత్రి రెక్కల పురుగు లేచిందని మేము కళ్లారా చూసి చెబితే అది వార్త అవుతుందా? పొద్దున మదనపల్లె మార్కెట్‌లో టమాటా పెట్టె ఏ ధర పలికిందో సాయంత్రం చెబితే? మొన్న విత్తిన విత్తనం నాలుగు ఊళ్లలో మొలకెత్తలేదని, మిగిలినవారు విత్తేముందు కొన్ని గింజలు తడిగుడ్డలో కట్టి మొలక చూసుకోవాలని చెబితే? ఉపాధి హామీ కూలి ఎన్ని వారాలుగా పడలేదో, దాని గురించి ఎవరిని అడగాలో చెబితే?

అధికారి హెచ్చరిక ఇచ్చాకే మేము చెప్పాలంటే, గొంగళిపురుగు విషయంలో ఆ రెండు రాత్రులు దాటిపోతాయి. వ్యవసాయ సహాయకులు ఎంత కష్టపడినా ఒకరికి రెండు మూడు ఊళ్లు ఉంటాయి, అన్ని చేలకూ ఒకే రాత్రి తిరగలేరు. రైతు పిల్ల చూసి చెప్పేది, ఆయన సరిచూసి చెప్పేది పక్కపక్కన వినబడితే ఇద్దరి పనీ తేలికవుతుంది. కాబట్టి పంట తెగుళ్లు, మార్కెట్ ధరలు, విత్తనాల మొలక, వాన కొలతలు, కూలి చెల్లింపులు, ఈ ఐదు అంశాలు వార్తల నిషేధం కిందికి రావని ఒక స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వండి. తప్పుడు సమాచారం వెళ్తుందన్న భయం ఉంటే, ఏ మాట ఎవరు చెప్పారో, ఎప్పుడు రికార్డు చేశారో వివరాలు భద్రపరచమని మమ్మల్ని ఆదేశించండి. అది మేము ఇప్పటికే చేస్తున్నాం, ఒక నోటు పుస్తకంలో.

డబ్బు గురించి క్లుప్తంగా రాస్తాం. మీ శాఖ సహాయ పథకం చూపు ప్రధానంగా పరికరాల మీద ఉంది. పరికరాలు మూలనపడేది వాటిని నడిపే మనుషులు వెళ్లిపోయినప్పుడే. మా ఊరి పిల్లవాడు బెంగళూరులో సెక్యూరిటీ గార్డు పనికి వెళ్లకుండా ఊళ్లో ఉండి రేడియో నడపాలంటే అతనికి ఇంట్లో చూపడానికి నెలకు కొంత భృతి ఉండాలి. ప్రభుత్వ ప్రకటనకు నిమిషానికి 444 రూపాయలు వస్తాయి. రోజుకు పది నిమిషాల ప్రకటనలు క్రమం తప్పకుండా ఇచ్చి, ఆ డబ్బు ఆ నెలలోనే చెల్లిస్తే, ఒక చిన్న కేంద్రంలో నలుగురికి భృతి, కరెంటు బిల్లు, మరమ్మతులు వెళ్లిపోతాయి. కొత్త పథకం పెట్టమని మేము అడగడం లేదు. ఉన్న ధరకు ప్రకటనలు పల్లె కేంద్రాలకూ అందేలా, సకాలంలో చెల్లించేలా చూడమని అడుగుతున్నాం.

యువత నిలకడగా ఉండరు, రెండేళ్లకు వెళ్లిపోతారు అనే మాట మీ దగ్గరా వినిపించవచ్చు. అది నిజమే. మాలో ఇద్దరు ఈ ఏడాది వెళ్లిపోతున్నారు, ఒక అమ్మాయికి పెళ్లి నిశ్చయమైంది, ఒకడికి హిందూపురంలో పని దొరికింది. అందుకే ప్రతి వేసవిలో ఇంటర్ పూర్తయిన ఆరుగురికి నేర్పించే ఏర్పాటు అనుమతి షరతుల్లోనే ఉండాలని కోరుతున్నాం. వెళ్లినవారు వట్టి చేతులతో వెళ్లరు. పెళ్లయి వెళ్లే మా చెల్లెలు తన మెట్టినింటి ఊళ్లో విత్తనాలు ఎలా నిలవ ఉంచుతారో, పురుగు పట్టకుండా గంపల్లో బూడిద, వేపాకు ఎలా వాడతారో రికార్డు చేసి పంపుతానని మాట ఇచ్చింది. ఆమె అత్తగారు ఒప్పుకున్నారు. రేడియో కేంద్రం ఇళ్ల మధ్యలో ఉండాలని, ప్రసారం చీకటి పడకముందే ముగియాలని మా బృందంలోని అమ్మాయిలు ఒక నియమం పెట్టుకున్నారు. వారి తల్లిదండ్రులు ఒప్పుకోవడానికి అదే కారణం. సాయంత్రం పూట అమ్మాయిలు మైకు ముందు కూర్చోవాలంటే ఇలాంటి చిన్న విషయాలే నిర్ణయిస్తాయి. మీ నమూనా దరఖాస్తులో 'కేంద్రం ఎక్కడ ఉంటుంది' అనే గడిలో ఈ సంగతి కూడా అడిగితే మేలు జరుగుతుంది.

మీ నుంచి మేము కోరేది ఒక రాక కూడా. ఈ లేఖను దస్త్రంలో పెట్టే ముందు, ఆరుద్ర కార్తెలోగా మీ శాఖ తరఫున ఒకరిని మా ఊరికి పంపండి. సాయంత్రం పాలు పోసే వేళకు వస్తే మేము వినిపించేది మీరూ వినవచ్చు. మా దగ్గర ఇప్పటిదాకా 41 రికార్డింగులు ఉన్నాయి, అన్నిటి వివరాలూ నోటు పుస్తకంలో తేదీలతో సహా ఉన్నాయి. అవ్వ పార చప్పుడు ఉన్నది మొదటిదే. వాన ముందే పడితే మాత్రం మేము ఎదురుచూడలేము, ఆ రాత్రి మంటల దగ్గర ఉంటాం. మీ మనిషి నేరుగా చేలలోకే రావలసి ఉంటుంది.

ఇట్లు,
వర్షాధార సేద్యపు ఊరి యువ బృందం,
అనంతపురం ప్రాంతం